సారలమ్మ సీసాలు

ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను డాక్టరు గారి ముందు ఒక్కనాడు కూడా కుర్చీలో కూర్చోలేదు. విజయలక్ష్మి వచ్చిన మూడో రోజే కూర్చుంది. నా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే. తక్కిన పాపమంతా ఆ కుర్చీ వెనకే వచ్చింది.

నా పేరు పర్శరాములు. వరంగల్‌లో ఒక చిన్న టీబీ దవాఖానలో లాబ్ టెక్నీషియన్‌గా పనిచేసేవాణ్ణి. దవాఖాన పేరు చెప్పను. చేసింది నేను, దవాఖాన కాదు. ఇది 1980 నాటి మాట. రోగి తెమడ గాజు పలక మీద పూసి, ఎర్ర రంగు పోసి వేడిచేసి, ఆమ్లంతో కడిగి, మీద నీలం రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే, టీబీ పురుగు ఉంటే నీలంలో సన్నటి ఎర్ర పుల్లలా కనబడుతుంది. ఇంకొకరు వంద చోట్ల వెతికినా దొరకని పుల్ల నాకు పది చోట్ల వెతికేసరికి దొరికేది. "పర్శరాములు చూసిండంటే చూసినట్టే" అనేవారు మా డాక్టర్ లింగమూర్తి గారు. ములుగు అడవుల నుంచి, ఎనుమాముల మార్కెట్ హమాలీల దాకా నా స్లైడు మీద నమ్మకంతో మందులు మింగినవాళ్లే. ఎర్రపురుగుల పర్శరాములు అని నాకు పేరు. ఆ పేరంటే నాకు గర్వం. మా ఇంటిది సమ్మమ్మ, "గా పురుగులు లేకుంటే నువ్వేమైతుంటివో" అని ఎత్తిపొడిచేది.

ఆ ఏడు ఎండాకాలం పోతూ పోతూ విజయలక్ష్మిని తెచ్చిపెట్టింది. హసన్‌పర్తి పిల్ల. ఇరవై ఆరేళ్లు ఉంటాయేమో. బెంగుళూరులో ఆరు నెలలు ట్రైనింగ్ అయి వచ్చింది, కల్చర్ చేయడానికి. కల్చర్ అంటే పురుగును చూడటం కాదు, పెంచడం. కోడిగుడ్లు కొట్టి, పచ్చ రంగు మందు కలిపి, చిన్న సీసాల్లో ఏటవాలుగా గడ్డకట్టించి, దాని మీద రోగి చీమునో తెమడనో వేసి వెచ్చటి పెట్టెలో పెట్టాలి. టీబీ పురుగు అయితే ఆరు వారాలకు, ఎనిమిది వారాలకు ఎండు రొట్టె పొడిలా పాలిపోయిన రంగులో పెరుగుతుంది. నేను ఆరు నిమిషాల్లో చెప్పేదానికి ఈమెకు ఆరు వారాలు! దీనికి వారానికి మూడు డజన్ల గుడ్లు! "ఆమ్లెట్ హోటల్ తెరిచిండ్రు మన దవాఖానల" అని నేనే పుకారు పుట్టించాను. అటెండర్ల నుంచి ఆయా పూలమ్మ దాకా 'గుడ్ల మేడం' అనడం మొదలుపెట్టారు. ఆ పేరు పెట్టింది నేనని తెలిసినా ఆమె నవ్వేసి ఊరుకుంది. అది నాకు ఇంకా మండింది.

మూడో రోజు డాక్టరు గారి గదికి రిపోర్టులు పట్టుకుపోయాను. ఆమె ఆయన బల్ల ఎదుట కుర్చీలో కూర్చుని ఉంది. చేతిలో చాయ్ కప్పు! ఇద్దరూ ఏదో ఇంగ్లీషు పుస్తకం మీద వంగి మాట్లాడుకుంటున్నారు. నేను ఎప్పటిలాగే నిలబడి రిపోర్టులు అందించాను. "ఆఁ, పెట్టిపో" అన్నారు ఆయన తలెత్తకుండా. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా? ఆ రోజు అన్నం సయించలేదు.

ఇంకో సంగతి. ఆమె నన్ను అన్నా అనేది. "పర్శరాములన్నా, జర గీ స్లైడు మీరు గూడ చూడుండ్రి, మీ కండ్లు నాకు లెవ్వు" అనేది. చెల్లె అని ఒక్క మాట అంటే నా నోటి ముత్యాలు రాలిపోయేవా? అనలేదు. మేడం, మేడం అని సాగదీసేవాణ్ణి.

జూలైలో మల్లవ్వ వచ్చింది, నాలుగేళ్ల కూతురును చంకనెత్తుకుని. కొత్తవాడ మనిషి. భర్త సాంబయ్య పవర్‌లూమ్ నడుపుతాడు, ఈమె నూలు కండెలు చుడుతుంది. పిల్ల మేడారం జాతర ఏడు పుట్టిందట, అందుకే సారలమ్మ అని పెట్టుకున్నారు. కుడి దవడ కింద నిమ్మకాయంత గడ్డ. పైన చర్మం నేరేడుపండు రంగుకు తిరిగింది. ఒత్తితే పిల్ల ఏడవదు. జ్వరం లేదు, దగ్గు లేదు, తిండికి లోటు లేదు. డాక్టరు గారి బల్ల కింద దూరి చెప్పులతో ఆడుకుంటోంది.

డాక్టరు గారు ఎక్స్‌రే తీయించి, చేతికి టీబీ టెస్టు సూది వేయించి, మూడో రోజు మళ్లీ రప్పించి, గడ్డలోంచి సూదితో ఇంత చీము లాగి నాకు పంపారు. నేను పలక వేశాను. నాలుగు చోట్ల చూసేసరికి ఎర్ర పుల్లలు. పరుగెత్తుకెళ్లి "ఉన్నయి సార్! టీబీయే" అన్నాను. ఆమె ఎదుటే చెప్పాలని పరుగెత్తాను, ఒప్పుకుంటాను. ఆ కుర్చీలో ఉన్నది ఆమే మరి.

"మీ ఇంట్ల ఎవలకన్న దగ్గు ఉన్నదా అక్కా? టీబీ మందులు ఎవలన్న వాడిండ్రా?" అని విజయలక్ష్మి మల్లవ్వను అడిగింది.

"ఎవలకు లేదమ్మా. మా అత్తకు కూడ లేదు."

విజయలక్ష్మి డాక్టరు గారి వైపు తిరిగింది. "సార్, ఎక్స్‌రే క్లీన్ ఉన్నది. ఇంట్ల టీబీ లేదు. పిల్ల ఇంత హుషారుగ ఉన్నది. చేతి మీద టెస్టు కూడ సగమే పొంగింది. ఇది అసలు టీబీ కాకపోవచ్చు. దానికి దాయాదులు ఉంటయి కద సార్, నీళ్లల్ల, మట్టిల ఉండేటివి. పలక మీద అవి గూడ ఎర్రగనే కనబడుతయి. మట్టి చేతులు నోట్ల పెట్టుకుంటే మెడ గడ్డలకు దిగుతయి. వాటికి టీబీ మందులు పనిచెయ్యవు. గడ్డను గడ్డ లెక్కనే కోసి తీసేస్తే పిల్ల మంచిగైతది."

"నా కండ్లకు కానవడుతలేదా మేడం?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది.

"మీరు చూసింది తప్పని అంటలేనన్నా. మీరు ఎర్రగ ఉన్నదని చూసిండ్రు, నిజమే. అది ఎవలదో సీసాల పెరిగితెనే తెలుస్తది."

డాక్టరు గారు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూశారు. "కల్చర్ పెట్టు. అందాక టీబీ అనుకునే మందులు మొదలుపెడ్త. నిజంగ టీబీయే అయితే ఊకుండుడు తప్పు" అన్నారు. రోజూ స్ట్రెప్టోమైసిన్ సూది, తోడుగా మాత్రలు. మల్లవ్వకు ఒక హెచ్చరిక కూడా చేశారు. "చూడమ్మా, గీ సూది ఎక్కువ రోజులు పడితే చెవులకు మంచిది కాదు. చెవుల్ల గుయ్యిమంటున్నదని పిల్ల అంటే వెంటనే చెప్పు. విజయలక్ష్మీ, నీ సీసాలు ఎంత జల్ది చెప్తే అంత మంచిది. టీబీ కాదంటే తెల్లారే సూదులు బంద్ చేసి ఆపరేషన్‌కు పంపుత."

నాలుగేళ్ల పిల్ల చెవిలో గుయ్యిమంటోందని ఏ మాటల్లో చెబుతుంది? ఆ ప్రశ్న అప్పుడు మాకెవరికీ తోచలేదు. విజయలక్ష్మి మిగిలిన చీమును రెండు సీసాల్లో వేసి, మీద 'సారలమ్మ' అని రాసి, వెచ్చటి పెట్టెలో పెట్టింది.

రోజూ సూదికి వచ్చేది పిల్ల. సూది గదికి పోయే దారి నా కిటికీ పక్కనుంచే. ఏడ్చుకుంటూ పోయేది, ఏడ్చుకుంటూ వచ్చేది. ఒకనాడు మందు సీసాల రబ్బరు మూతలు నాలుగు దారానికి గుచ్చి దండ చేసి ఇచ్చాను. అంతే, నాకు దోస్తు అయింది. "పురుగుల మామా!" అని కిటికీ చువ్వలు పట్టుకుని వేలాడేది. నాకు పిల్లలు లేరు. ఆ మాట ఇక్కడితో చాలు.

అయిదు వారాలు గడిచాయి. గడ్డ తగ్గలేదు. ఒక మూల మెత్తబడి పగిలి చీము కారడం మొదలైంది. శ్రావణంలో చెల్లెలి పెళ్లని విజయలక్ష్మి పది రోజులు లీవు పెట్టింది. పోతూ పోతూ నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, సారలమ్మ సీసాలు మీ మీదనే వదిలిపోతాన్న. వారం వారం చూడుండ్రి. ఏదన్న పెరిగితే జర స్లైడు చేసి చూసి, సార్‌కు చెప్పుండ్రి. ఎర్రగ లేకుంటేనే పాడైనట్టు రాయాలె. మీకు నేను చెప్పాల్నా, నా పిచ్చిగాకపోతె."

"పోయిరా మేడం, ఫికర్ జెయ్యకు" అన్నాను.

ఆగస్టు ఇరవై ఏడున పెట్టె తెరిచాను. రెండు సీసాల్లోనూ పెరిగింది. ఎండు రొట్టె పొడిలా కాదు. నున్నగా, మెరుస్తూ, ముద్దపసుపు రంగులో. పండగనాడు గడపకు రాసే పసుపు ఉంటుంది చూడండి, అచ్చం అట్లా. నాకు నవ్వు ఆగలేదు. టీబీ సీసాలో పసుపు కనబడితే చెడిపోయిందనే లెక్క. గాల్లోంచి ఏ బూజో పడి పెరిగి ఉంటుంది. బెంగుళూరు ట్రైనింగ్ ఇదా తల్లీ! మూడు డజన్ల గుడ్లు మురగబెట్టావు గదా! ఎర్ర ఇంకు కలం తీశాను.

తీశాను గానీ రాయలేకపోయాను. ఇరవై రెండేళ్ల అలవాటు నన్ను ఊరుకోనివ్వదు. చేతులు వాటంతట అవే ఆ పసుపును ఇంత తీసి పలక మీద పూశాయి. రంగు వేశాను, కడిగాను, మైక్రోస్కోపులో కన్ను పెట్టాను.

నీలం మీద ఎర్ర పుల్లలు. ఒకటీ రెండూ కాదు, పలకంతా.

అంటే బూజు కాదు. చెడిపోలేదు. ఎర్రగా ఉండి పసుపుగా పెరిగేవి, ఆమె చెప్పిన దాయాదులే. గుడ్ల మేడం గెలిచింది. ఇప్పుడు నేను పరుగెత్తి డాక్టరు గారికి ఈ మాట చెప్పాలి. ఆయన "విజయలక్ష్మి ముందే చెప్పింది కదా!" అంటారు. ఆమె తిరిగి వచ్చినప్పుడు చాయ్ తెప్పిస్తారు. ఆమె కూర్చుంటుంది, నేను నిలబడతాను. నేను పరుగెత్తి టీబీ అని అరిచిన ఆ పూట అందరికీ గుర్తుకొస్తుంది. ఎర్రపురుగుల పర్శరాములుకు ఎరుపు తప్ప ఇంకేం తెలియదంటారు.

ఎర్ర కలం మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. కిటికీలోంచి సూది గదిలో సారలమ్మ ఏడుపు వినబడింది. ఇంత కథ చెప్పి ఇది దాచను, నాకు ఆ ఏడుపు వినబడింది. అయినా పలకను ఆమ్లంలో వేసి కడిగేశాను. రిజిస్టర్‌లో ఎర్ర ఇంకుతో రాశాను, 'రెండు సీసాలు, పాడైనవి. స్లైడు చూడబడినది, ఎర్ర పురుగులు లేవు' అని. కింద నా సంతకం. సీసాలు డ్రమ్ములో వేసి పూలమ్మను పిలిచి, "ఆవిరికి పెట్టు" అన్నాను. సాయంత్రానికి అవి ఉడికి సచ్చాయి.

విజయలక్ష్మి పెళ్లి నుంచి చేతులకు గోరింటాకుతో వచ్చింది. రిజిస్టర్ చూసి మొహం మాడ్చుకుంది.

"స్లైడు చేసిండ్రా అన్నా?"

"చేసిన. ఏం లెవ్వు."

"మీరు చూసిండ్రంటే ఇగ తిరుగులేదు. నా సీసాలల్లనే ఏదో తప్పయి ఉంటది" అంది. ఒక్క మాట అనుమానించి ఉంటే పోట్లాడేవాణ్ణి, పోట్లాటలో నిజం కక్కేవాణ్ణేమో. ఆమె నన్ను నమ్మింది. మళ్లీ చీము తీసుకుని, ఈసారి నాలుగు సీసాలు పెట్టింది. అంటే ఇంకో ఆరేడు వారాలు. అన్ని వారాలూ సూదులు.

ఆ వారాల్లోనే నాకు ఇంకో కొత్త కుళ్లు పుట్టింది. సారలమ్మ నన్ను పట్టించుకోవడం మానేసింది. "సారక్కా!" అని కిటికీలోంచి పిలిస్తే తల తిప్పకుండా పోయేది. "ఓ సారక్కా! పురుగుల మామను!" ఊహుఁ. కానీ విజయలక్ష్మి ఎదురుపడి, ముందు మోకాళ్ల మీద కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి పలకరిస్తే మొహం చాటంత చేసుకుని నవ్వేది. అంటే ఇదీ ఆమె పార్టీలో చేరిందన్న మాట! డాక్టరు ఆమె వైపు పోయాడు, కుర్చీ ఆమెకు పోయింది, చివరికి ఈ పిడికెడు పిల్ల కూడానా! ఒక పూట కోపంతో నేనూ పిలవడం మానేశాను. నాలుగేళ్ల పిల్ల మీద అలిగిన మగాణ్ణి నన్నొక్కణ్ణే చూసి ఉంటారు మీరు.

బతుకమ్మ రోజుల్లో మూడు రోజులు పిల్ల సూదికి రాలేదు. "పర్శరాములూ, కొత్తవాడ పోయి పట్కరా. నడుమల ఇడిసిపెడితే అసలుకే మోసం" అని డాక్టరు గారు నన్ను పంపారు. సైకిల్ మీద పోయాను.

సాంబయ్య షెడ్డులో ఆరు పవర్‌లూములు ఒక్కసారే నడుస్తున్నాయి. ఆ మోతలో నా మాట నాకే వినబడలేదు. అక్కడ ఎవరూ నోటితో మాట్లాడుకోవడం లేదు. దారం తెగిందంటే ఒక వేలు, నీళ్లు కావాలంటే బొటనవేలు, అన్నం వేళయిందంటే అయిదు వేళ్లు నోటి దగ్గరికి. సారలమ్మ మూలన తంగేడు పూలు ముందేసుకుని కూర్చుని అందరి చేతుల వైపే చూస్తోంది. నన్ను చూసి లేచి వచ్చింది. రెండడుగులకు తూలి పడింది. లేచింది, మళ్లీ తూలింది.

మల్లవ్వ నన్ను బయటికి తీసుకొచ్చింది. "సూస్తివా అన్నా? సూదులు పడ్డకాడికెల్లి గిట్లనే తాగినోని లెక్క పడుతాంది. పిలిస్తె గూడ పలుకుతలేదు, ఒట్టి మొండిదైంది. మగ్గాల సప్పుడుల పెరిగిన పిల్లలు గంతే, మా ఇంట్ల అందరం ఒర్రుకుంటనే మాట్లాడుతం. గడ్డ సూస్తే తగ్గుతలేదాయె. ఇంకెందుకన్నా గా సూదులు? నువ్వు సదువుకున్నోనివి. నిజం జెప్పు, ఆపుదునా?"

ఆమె నా మొహంలోకే చూస్తోంది. ఆపు తల్లీ, అవి దండగ సూదులు అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆపమంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే సీసాల సంగతి బయటపడుతుంది. సీసాల సంగతి బయటపడితే విజయలక్ష్మి ముందు నేను తల వంచాలి. ఇంకో రెండు వారాలేగా, కొత్త సీసాల్లో ఎట్లాగూ తెలుస్తుంది, నా చేతికి మట్టి అంటకుండా అయిపోతుంది అనుకున్నాను.

"డాక్టర్ సాబ్ ఆపొద్దన్నడు" అన్నాను.

"నువ్వు గింత దూరం వచ్చి జెప్పినంక ఇంకేందన్నా" అని పిల్లను సైకిల్ మీద కూర్చోబెట్టింది. దారంతా సారలమ్మ నా నడుము పట్టుకుని కూర్చుంది. ఏం పాడిందో, తనకు తానే ఏదో పాడుకుంది. రాగం గతి తప్పి ఎక్కడికో పోతోంది. పిల్లల పాట అంతేలే అనుకున్నాను.

అక్టోబర్ ఆఖరులో నాలుగు సీసాల్లోనూ పసుపు పెరిగింది. పెట్టె చీకట్లో ఉన్నా పసుపే, టీబీ పురుగుకు ఆ రంగు రాదు. స్లైడులో ఎర్ర పుల్లలే. టీబీ పురుగైతే తేలాల్సిన ఇంకో పరీక్షలో తేలలేదు. విజయలక్ష్మి గంతేసినంత పని చేసింది. డాక్టరు గారు అదే పూట సూదులు బంద్ చేయించి, పెద్ద దవాఖాన సర్జన్‌కు చీటీ రాశారు. పైపైన కోసి చీము తీయవద్దనీ, అట్లా చేస్తే నెలల తరబడి కారుతూనే ఉంటుందనీ, గడ్డను మొత్తంగా తీయాలనీ రాయించింది ఆమే. సర్జన్ అట్లాగే తీశాడు. వారంలో కుట్లు విప్పారు. మూడు నెలల పైబడి వేసిన మందులకు లొంగని గడ్డ ఒక్క గంట పనితో పోయింది. దవాఖానంతా విజయలక్ష్మి పేరే. నాకు మాత్రం లోపల్లోపల ఒక మూల, హమ్మయ్య, బయటపడ్డాను అని ఉండేది.

డిసెంబర్ మొదట్లో మల్లవ్వ పిల్లను చూపించడానికి వచ్చింది. రెండు జంపఖానాలు తెచ్చింది, ఇంట్లో నేసినవి. ఒకటి విజయలక్ష్మికి, ఒకటి నాకు. "ఇంటిదాంక వచ్చి తోల్కపోయినవ్ గదన్నా" అంది. ఆ క్షణంలో నేను చూసింది ఏమిటో తెలుసా? విజయలక్ష్మి జంపఖానా మీద పూలు పెద్దవా, నా దాని మీద పెద్దవా అని. ఆమెవే పెద్దవి.

డాక్టరు గారి గదిలో విజయలక్ష్మి కుర్చీలో కూర్చుంది. నేను రిజిస్టర్లు పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాను. మెడ మీద మచ్చ సన్నగా దారంలా ఉంది. డాక్టరు గారు సంబరపడి, కిటికీ వైపు తిరిగి ఉన్న పిల్లను వెనక నుంచి పిలిచారు. "సారలమ్మా!"

పిల్ల తిరగలేదు.

"గంతే సారూ, మొండిది" అని మల్లవ్వ నవ్వింది.

డాక్టరు గారు నవ్వలేదు. లేచి పిల్ల వెనక్కి పోయి గట్టిగా చప్పట్లు కొట్టారు. పిల్ల కిటికీలోంచి కాకిని చూస్తోంది. ఇనుప ట్రే తీసి నేల మీద పడేశారు. మేమంతా ఉలిక్కిపడ్డాం. సారలమ్మ కాకినే చూస్తోంది. తర్వాత కాళ్లకు నేల అదిరినట్టుంది, వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూసింది.

"ఎన్ని రోజుల సంది గిట్ల ఉన్నది?"

"బతుకమ్మకు ముందటి సంది సారూ." మల్లవ్వ నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, ఎటు పోవాలో తెలియనట్టు. "ఏమైంది సారూ?"

"చెవులు పోయినయమ్మా. సూదుల తోటి పోయినయ్." ఆయన వంగి ట్రే ఎత్తి బల్ల మీద పెట్టారు. "నడక జర సుధారిస్తదేమో గాని, చెవులు మళ్ల రావు."

మల్లవ్వ కింద కూలబడింది. "మాటలు అప్పుడప్పుడే నేర్సుకుంటాంది సారూ..." అంది.

డాక్టరు గారి కోపం విజయలక్ష్మి మీద విరుచుకుపడింది. ఎవరి మీదో పడాలి గదా. "మొదటిపారి సీసాలు పాడుచేసింది నువ్వు కాదా? ఆగస్టుల తెలిసుంటే అప్పుడే సూదులు బంద్ అయ్యేటియి. అప్పటికి గీ పిల్ల వింటాంది. రెండు నెలలు! నీ చేతి తప్పుకు రెండు నెలల సూదులు!"

విజయలక్ష్మి కుర్చీలోంచి లేచి నిలబడింది. కళ్ల నీళ్లు తుడుచుకోలేదు. "నాదే తప్పు సార్. అన్న స్లైడు చూసి లెవ్వన్నడు. అంటే నా సీసాలే పాడైనయి" అంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాడట. నన్నెవరూ దొంగ అనలేదు. డాక్టరు గారు నా వైపు తిరిగి, ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ మాట అన్నారు.

"కూర్చో పర్శరాములూ. గా రిజిస్టర్ తియ్యి. ఆగస్టుల ఏ తారీకు నాడు ఏం రాసినవో సదువు. ఈ తల్లి ముంగట సదువు."

కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చున్నాను. విజయలక్ష్మి లేచి నిలబడ్డ కుర్చీ, ఇంకా వెచ్చగా ఉంది. పేజీ తిప్పాను. ఎర్ర ఇంకు. నా సంతకం. 'ఆగస్టు ఇరవై ఏడు. సారలమ్మ, రెండు సీసాలు, పాడైనవి. స్లైడు చూడబడినది...' అక్కడిదాకా చదివాను. మల్లవ్వ నేల మీద నుంచి నన్నే చూస్తోంది, ఆ రోజు షెడ్డు బయట చూసినట్టే. రిజిస్టర్ మూసేశాను.

"సార్, సీసాలు పాడు కాలేదు. పసుపు పెరిగింది. స్లైడు నిండ ఎర్రగ ఉన్నయి. నేను చూసిన. చూసి, కడిగేసిన."

విజయలక్ష్మి "అన్నా..." అంది.

"తెలిసే రాసినవా, అన్నా?" అని అడిగింది మల్లవ్వ. తిట్టినా బాగుండేది. దారి అడిగినట్టు అడిగింది. "మా ఇంటికి వచ్చిననాడు గూడ నీకు ఎరికేనా?"

"ఎరికే."

"ఎందుకన్నా?"

ఒక కుర్చీ కోసమని చెప్పనా? "ఓర్వలేక" అన్నాను.

డాక్టరు గారు తల పట్టుకున్నారు. విజయలక్ష్మి మొహం తిప్పుకుంది. మల్లవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నా మాట ఆ గదిలో సారలమ్మకు ఒక్కదానికే వినబడలేదు. అది గోడ పట్టుకుని తూలుతూ నా దగ్గరికి వచ్చి, కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడి, మెడలోంచి రబ్బరు మూతల దండ పైకి తీసి చూపించి, నా మొహంలోకి చూసి నవ్వింది.